ఏడో సంచి

తలుపు మూసి ఎంతసేపయిందో గోడ గడియారం చెబుతూనే ఉంది కానీ నేను దాని వంక చూడడం లేదు, చూస్తే ముల్లు ఆగిపోతుందేమోనని భయం, ఆగితే లోపల మా అమ్మాయి ఆ కుర్చీలోనే ఉండిపోతుందేమోనని ఇంకో భయం. లోపల ముగ్గురు అధికారులు, ఒక పొడుగాటి బల్ల, బల్ల మీద నీళ్ళ గ్లాసు, గ్లాసు పక్కన నడుం పట్టీ. తలుపు మూసుకునే లోపల నా కంటికి అందినవి అవే. లోపల అమ్మాయి ఒక మాట చెబుతుంది, తొమ్మిది రోజులుగా అడిగిన ప్రతివాళ్ళకీ చెబుతున్న మాటే, కాలు ఆలస్యమైంది, తప్పు నాదే అని. ఆ మాట కాగితం మీదికి ఎక్కి కింద అది సంతకం పెట్టేసిందంటే ఇక అంతే, ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణం నువ్వని జన్మంతా దాన్ని వేలెత్తి చూపిస్తారు. తప్పు దానిది కాదు. ఆ పట్టీని జానెడు మడిచి కుట్టింది నేను. ఈ సంగతి ఇద్దరికే తెలుసు, దానికీ నాకూ. మేమిద్దరం ఒక కప్పు కింద ఉంటూ దాని గురించి ఇంతవరకు ఒక్క మాట అనుకోలేదు.

వరండా అంతా ఫినాయిలు వాసన. నేల ఇంకా తడిగా ఉంది, ఎవరైనా జారి పడతారేమో, ఆ ముసలి గుమాస్తా చేతినిండా ఫైళ్ళతో అంత గబగబా నడుస్తున్నాడు, చూసుకోండి బాబూ అందామనుకుని నోరు నొక్కుకున్నాను. నా భయాలు నోటిదాకా వస్తే చాలు, చేతిదాకా రానివ్వకూడదు, ఆ బుద్ధి ఇప్పుడొచ్చింది. బెంచీ ఆ చివర ఒకాయన కూర్చున్నాడు. నాకంటే ముందే వచ్చాడు. వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి, ఎంత తోమినా పోని నూనె నలుపు. చనిపోయినావిడ భర్త అని, తాళాలు బాగుచేస్తాడని బంట్రోతు నా చెవిలో వేసి వెళ్ళాడు, వేడివేడి కబురేదో అందించినట్టు. అప్పటినుంచి నా సంచీ మా ఇద్దరి మధ్యా పెట్టుకున్నాను. గోడ కట్టుకున్నట్టు. ఆయన ఒకసారి నా వైపు తిరిగాడు, నేను పైనున్న ఫ్యాను వైపు చూశాను. ఫ్యాను కిర్రుమంటోంది. మామూలప్పుడైతే అది ఎక్కడ ఊడి పడుతుందోనని చోటు మారేదాన్ని. ఇప్పుడు మారలేదు, పడితే పడనీ అనిపించింది.

వరద వచ్చి మూడు వారాలు. దారులన్నీ తెగిపోయిన చోట్లకి చిన్న విమానం మీంచి గింజల సంచులు జారవేస్తున్నారు. విమానాల మైదానం పక్కన రేకుల షెడ్డులో పన్నెండు మిషన్లు, అందులో కిటికీ పక్కది నాది. పైనుంచి పడే సంచి మామూలు సంచిలా కుడితే నేల తగలగానే పిగిలిపోతుంది. అందుకని సంచిలో సంచి. లోపలిది నిండుగా కాకుండా కాస్త ఖాళీ ఉంచి కుట్టాలి, బయటిది దానికంటే బాగా పెద్దదిగా, వదులుగా. లోపలిది పగిలినా బయటిది పట్టుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు బిగించి కుట్టడమే గట్టితనం అనుకుంటారు, నేనే వాళ్ళకి చెప్పేదాన్ని, వదులు ఇవ్వండే అమ్మాయిలూ, వదులున్నదే బతుకుతుంది అని. మేస్త్రీ నవ్వేవాడు, "అక్కా, సంచులకి ఇచ్చే వదులు ఇంట్లో మీ పిల్లకి కూడా కాస్త ఇవ్వొచ్చుగా" అని. నేనూ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వానో.

మా అమ్మాయి పని ఆ విమానం తలుపు దగ్గర. తలుపంటే తలుపు లేదు, ఊడదీసేశారు, మనిషి పట్టేంత కంత. గుమ్మం అంచున చెక్క మీద ఎనిమిది సంచులు వరసగా పేర్చి ఉంటాయి, నడిపేవాడు పొట్టి గంట కొట్టగానే కాలితో తన్ని ఒకదాని వెనక ఒకటి తోసెయ్యాలి, పొడుగు గంట కొడితే ఆపెయ్యాలి. నడుముకి పట్టీ, పట్టీ చివర కొక్కెం, కొక్కెం నేలలో ఉన్న ఇనుప కడియానికి. కింద ఎనభై మీటర్ల ఖాళీ. ఈ ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు నేను అన్నం వండడం మరిచిపోయాను. "అమ్మా, నీ అసలు ఉద్యోగం భయపడ్డం, కుట్టుపని ఖాళీ ఉన్నప్పుడు చేస్తావు" అంది. "నన్ను కూడా ఒక సంచిలో వేసి కుట్టెయ్యవే, నీ మనసు చల్లబడుతుంది" అంది. నడక నేర్చినప్పుడు అది మేడమెట్ల వైపు పరిగెత్తేది, నేను మిషను ముందు కూర్చుని లేవలేక దాని నడుముకి గుడ్డపీలిక కట్టి రెండో కొస మిషను కాలికి ముడివేసేదాన్ని. కొలిచి మరీ. మెట్లకి జానెడు ఇవతల ఆగేలాగా. అది ఆ చివరిదాకా పోయి, చేతులు రెండూ గాల్లోకి చాపి, మెట్ల వంక చూస్తూ నిలబడేది, ఏడ్చేది కూడా కాదు. ఇరుగమ్మ పొరుగమ్మ నవ్వితే నవ్వారు, పిల్ల తల పగలలేదు కదా అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటానా? ఏమో.

విమానం నడిపేవాణ్ణి అందరూ గంట బాబాయి అంటారు. ఒకరోజు మా ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, "మీ పిచ్చుక గురించి బెంగపడకండమ్మా, లెక్క దానికి వచ్చినంత నాకే రాదు" అన్నాడు. పిచ్చుకంటే మా అమ్మాయి, మనిషి అంతే ఉంటుంది. ఏం లెక్క అని అడిగాను. అంతే, అది బుట్టలోంచి బంగాళాదుంప తీసుకుని, నేల మీద గిన్నె పెట్టి, ముందుగదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి, సరిగ్గా గిన్నె పైకి రాగానే వదిలింది. నేను గిన్నెలో పడుతుందనుకున్నాను. దుంప గిన్నె దాటిపోయి గోడకి కొట్టుకుంది. "చూశావా? నా చెయ్యి దాన్ని వదిలేసింది, కానీ పరుగు వదల్లేదు. నాతో పాటు పరిగెడుతున్న వస్తువు అది, చేతిలోంచి జారినా అలాగే ముందుకి పోతూ పోతూ కిందకి దిగుతుంది. అందుకే గిన్నె ఇంకా దూరంగా ఉండగానే వదలాలి" అంది, మళ్ళీ పరిగెత్తి ముందుగానే వదిలింది, ఠంగుమని గిన్నెలో. బాబాయి చప్పట్లు కొట్టాడు. విమానం సెకనుకి యాభై మీటర్లు పోతుందట, సంచి కిందికి చేరడానికి నాలుగు సెకన్లట, అంటే రెండు వందల మీటర్ల ముందే తన్నాలి. పైనున్న వాళ్ళకి సంచి తమ కాళ్ళ కిందే, తమతోనే వస్తున్నట్టు, తిన్నగా పడుతున్నట్టు కనిపిస్తుందట, గాలి దాన్ని ఒక్క రవ్వ వెనక్కి లాగుతుందట, అంతే. పక్కనుంచి చూసేవాడికి వంపు తిరిగి దిగుతుంది. "మరి కింద నిలబడ్డవాడికో?" అని అడిగాను. నేను కాక ఇంకెవరడుగుతారు అలాంటి ప్రశ్న. "సరిగ్గా వాడి మీదికే వస్తుంటే కదిలినట్టే ఉండదమ్మా. ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది" అంది. తరవాత నన్నూ పరిగెత్తమంది, నేను కొంగు బిగించి పరిగెత్తి, దుంపని వదల్లేక వదల్లేక గిన్నె దాటాక వదిలాను. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నీతో ఇదే అమ్మా, నువ్వు వదలవు, అంది.

అమ్మాయి నడుం పట్టీని, అంచు పీచులేస్తోందని మేస్త్రీ నా మిషను మీద పడేసి వెళ్ళాడు ఒక మధ్యాహ్నం. తెల్లారి విమానానికి కావాలి. చేత్తో పట్టుకుంటే బరువుగా, ఇంకా దాని నడుము వంపు తిరిగే ఉంది. కొలిచాను. ఎందుకు కొలిచానో నాకు తెలుసు. కడియం దగ్గర్నుంచి గుమ్మం అంచు ఎంత దూరమో అమ్మాయి మాటల్లో మాటగా ఎప్పుడో చెప్పింది, నేను మరిచిపోలేదు. పట్టీ పొడుగు ఆ అంచుదాకా వస్తోంది. అంచుదాకా అంటే, కాలు జారితే నడుము అంచు మీద, సగం మనిషి బయట. నా కళ్ళకి అది కనపడింది, తల కిందులుగా, జుట్టు గాలికి విప్పుకుని. పీచులేచిన చోట మడత పెట్టాలి ఎలాగూ. వేలెడు మడత చాలు. నేను జానెడు మడిచాను. మైనం పూసిన పసుపు దారంతో నాలుగు వరసలు వేశాను. రెట్టింపు మందం, రెట్టింపు బలం అని నాకు నేనే చెప్పుకున్నాను, నాలో ఎవరో వింటున్నట్టు. మేస్త్రీ వచ్చి కుట్లు లాగి చూశాడు, "ఏనుగుని కట్టొచ్చక్కా" అన్నాడు. పొడుగు కొలవలేదు. కుట్టు నాదైతే ఎవరూ కొలవరు. ఆ రాత్రి నేను చాలా రోజుల తరవాత హాయిగా నిద్రపోయాను.

ఆ మర్నాడు జరిగినది గంట బాబాయి చెబితే విన్నాను, గుమ్మంలో నిలబడే, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పాడు. ఆరు సంచులు తెల్లగుడ్డలు పరిచిన పొలంలో వరసగా పడ్డాయి. ఏడోది అంచు మీద సగం లోపల సగం బయట ఆగిపోయింది. ఎనిమిదోది దాని వెనక చిక్కుకుంది. ఒక్క తన్ను చాలు బయటికి, ఒక్క లాగుడు చాలు లోపలికి. కాలు ఆలస్యమైందని మీ పిల్ల అంటోందమ్మా, అది ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు, నాకేమీ బోధపడడం లేదు, అన్నాడు. నాకు బోధపడింది. మిగతావి లోపల్నుంచి తన్నితేనే పోయాయి, ఇరుక్కున్నదానికి అంచుదాకా వెళ్ళాలి, కాలు చాపింది, పట్టీ నడుముని పట్టేసింది, పాదానికీ సంచికీ మధ్య జానెడు. ఆయన పొడుగు గంట కొట్టి, అన్నీ అయిపోయాయనుకుని, విమానాన్ని తలుపున్న వైపుకి ఒరగదీసి తిప్పాడు. ఒరగగానే సంచి తనంత తానే జారింది. మూడు సెకన్లు ఆలస్యంగా. విమానం తిరిగింది, సంచి తిరగలేదు, విమానం అంతకుముందు ఎటు పోతోందో అటే తిన్నగా పోయింది, పొలం దాటి, కంచె దాటి, పడాల్సిన చోటికి నూటయాభై మీటర్లు అవతలికి. అక్కడ ఒక పెరడు. వారం తరవాత మొదటిసారి ఎండ వచ్చిందని ఒకావిడ తడిబట్టలు ఆరేస్తోంది. ఆవిడ గింజల కోసం రాలేదు, ఎదురుచూడనూ లేదు. విమానం ఒరిగి ఉంది కాబట్టి మా అమ్మాయి కిందికే చూస్తూ ఉంది. మొత్తం చూసింది.

అప్పట్నుంచి ఆవిడ నాతోనే ఉంది. ముఖం తెలియదు నాకు, అందుకని రోజుకొక ముఖం పెట్టుకుని వస్తుంది, ఒకరోజు మా అక్క ముఖం, ఒకరోజు షెడ్డులో పక్క మిషను ఆవిడ ముఖం, నిన్న నా ముఖమే. పళ్ళ మధ్య బట్టల క్లిప్పు. రెండు చేతుల్లో దుప్పటి కొసలు. తల పైకెత్తి ఉంటుంది ఎప్పుడూ. నేను మిషను తొక్కుతుంటే కిటికీ అవతల, నేను కూర తరుగుతుంటే గట్టు పక్కన, తల పైకెత్తి. నేనూ ఎత్తుతాను. పైన రేకులు తప్ప ఏమీ ఉండవు. అయినా ఆ రేకుల మీద ఏదో మచ్చ, కదలదు, పెద్దదవుతూ ఉంటుంది. బట్టలు ఆరెయ్యడం మానేశాను, గదిలోనే కుర్చీల మీద పరుస్తున్నాను, ఇల్లంతా చెమ్మ వాసన. అమ్మాయి ఎందుకని అడగదు. మూడో రోజు దాని పనిబట్టలు ఉతుకుతూ జేబులు తిరగేశాను, కాగితాలుంటే తడిసిపోతాయని. జేబు మూలన ఉండలా చుట్టుకుపోయిన దారం ముక్కలు. పసుపువి, మైనం పూసినవి, వేలి కణుపంత ముక్కలు, బ్లేడుతో కోసినవి. నా కుట్టు నేను పోల్చుకోలేనా. విమానం దిగీ దిగకముందే, ఎవరూ చూడకముందే, అది ఏ మూలనో కూర్చుని నాలుగు వరసలూ విప్పేసింది. పట్టీ మళ్ళీ పూర్తి పొడుగు. ఇక కాలే ఆలస్యం. ఆ ముక్కల్ని నేను మళ్ళీ అదే జేబులో పెట్టాను, తెలుసని చెప్పలేక, తెలియదని అనలేక. ఆ రాత్రి భోజనాల దగ్గర అది, "కూరలో ఉప్పు సరిపోయిందమ్మా" అంది. అంతే మా మాటలు.

"మీరూ సాక్ష్యానికేనా అమ్మా?"

బెంచీ ఆ చివర్నుంచి. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడని తెలుసు, అయినా ఉలిక్కిపడ్డాను. "నేను... షెడ్డులో కుట్టుపని నాది" అన్నాను.

"సంచులు మీరే కుడతారా?" ఆయన ముఖంలో కోపం లేదు, ఊరికే కూర్చోలేని మనిషి అడిగినట్టు అడిగాడు. "గట్టిగా కుడతారమ్మా. మా పెరట్లో పడ్డది చిన్న చిరుగు కూడా పడలేదు. ఒక్క గింజ ఒలకలేదు."

నా పనిని ఇంతవరకు ఎవరూ అలా మెచ్చుకోలేదు.

"ఒక్కటే అర్థం కాదమ్మా నాకు" అన్నాడు, నల్లటి వేళ్ళు ఒకదాంతో ఒకటి రుద్దుకుంటూ. "మా ఆవిడ చూస్తూనే ఉందట. పక్కింటివాళ్ళు చెప్పారు, తలెత్తి చూస్తూ నిలబడే ఉందట. అంతది మీదికి వస్తుంటే పక్కకి తప్పుకోదా మనిషి? చూపు మందమా అంటే కాదు. సూదిలో దారం నేను ఎక్కించబోతే, మీ చేతులతో అయ్యే పని కాదులెండి అని లాక్కునేది. ఎందుకు కదల్లేదంటారు?"

చెప్పకుండా ఉండొచ్చు. ఏమోనండీ, ఆయుష్షు అంతే అనేసి పమిటతో ముఖం తుడుచుకోవచ్చు, అందరూ అలాగే అని ఉంటారు. కానీ ఆయన తొమ్మిది రోజులుగా మోస్తున్న ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది, ఆయన రాత్రింబగళ్ళు పెళ్ళాన్ని తప్పుపట్టుకుంటున్నాడు, ఆవిడ చేతకానిదై చచ్చిపోయిందని.

"కదిలినట్టు కనపడదండీ" అన్నాను. "పక్కకి పోయేదైతే పోతున్నట్టు తెలుస్తుంది. సరిగ్గా మన మీదికే వచ్చేది ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. పెద్దదవుతుంది, అంతే. పెద్దదవుతోందని తెలిసేసరికి వ్యవధి ఉండదు. ఆవిడ తప్పేం లేదు. అక్కడ ఎవరున్నా అలాగే నిలబడతారు."

ఆయన నా వైపు తిరిగి కూర్చున్నాడు. తరవాత, "ఎవరు చెప్పారు మీకు?"

"మా అమ్మాయి."

"చదువుకుందా?"

"చదువుకుంది. విమానంలోంచి తోసేది అదే."

వేళ్ళు రుద్దుకోవడం ఆగిపోయింది. లేచి కొడతాడేమో, అరుస్తాడేమో, గుండె పట్టుకుని పడిపోతాడేమో, అన్నీ ఒక్కసారే ఊహించాను. ఆయన తలుపు వైపు చూశాడు. "కాలు ఆలస్యమైందని పేపర్లో రాశారు" అన్నాడు.

"ఆలస్యం కాలేదండీ." నా మాట నాకే ఎవరిదోలా వినిపించింది. "కాలు సరిగ్గానే చాపింది. పట్టీ చాల్లేదు. పట్టీని పొట్టిగా కుట్టింది నేను. ఎవరికీ చెప్పకుండా, దానిక్కూడా. తరవాత నన్ను కాపాడాలని అది ఆ కుట్లు విప్పేసింది."

"ఎందుకు కుట్టారమ్మా అలాగ?"

"పడిపోతుందేమోనని."

ఫ్యాను కిర్రుమంది. గుమాస్తా ఫైళ్ళతో మళ్ళీ ఇటునుంచి అటు వెళ్ళాడు. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు, తెరుచుకోని తాళాన్ని చూసినట్టు, ఎక్కడ పట్టుకుందో వెతుకుతున్నట్టు.

"పడలేదుగా" అన్నాడు చివరికి.

"లేదండీ."

"సరే." ఆ సరేలో క్షమించడం లేదు, శపించడమూ లేదు, ఒక లెక్క తేలినట్టుంది అంతే, నాకు అంతకంటే భారమైన మాట ఎవరూ అనగా వినలేదు. ఆయన బెంచీ మీంచి లేచి తలుపు దగ్గరికి నడిచాడు. బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు, పిలిచేదాకా ఆగాలి అన్నాడు. "తరవాతి పిలుపు నాదేగా" అన్నాడాయన. "నా బదులు ఈవిడ వెళుతుంది. ముందు ఈవిడ మాట వినమనండి."

తలుపు తీసిందెవరో చూడలేదు. లోపల వెలుతురు ఎక్కువగా ఉంది. కాగితం మీద సగం దాకా రాసి ఉంది, సంతకం చోటు ఖాళీగానే ఉంది, అది ముందు చూశాను. అమ్మాయి కుర్చీలోంచి లేచింది, ముఖం పాలిపోయి, "అమ్మా, నువ్వు బయటికి పద" అంది. అధికారుల వైపు తిరిగి, "ఆవిడ చెప్పేది రాసుకోకండి సార్. మా అమ్మకి అన్నిటికీ భయమే, జరగనివి కూడా జరిగాయనుకుంటుంది. ఎవర్నైనా అడగండి, షెడ్డంతా చెబుతారు." అది అబద్ధం కాదు. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి నా వంక జాలిగా చూశాడు, ఇలాంటి తల్లుల్ని చాలామందిని చూసినట్టు.

నేను బల్ల మీది పట్టీ తీసుకున్నాను. కొక్కెం చివర్నుంచి వేలు పోనిచ్చాను, కన్ను అక్కర్లేదు ఆ పనికి. గుడ్డ మీద దారం లేకపోయినా సూది దిగిన బెజ్జాలు పూడవు, ఇంత మందం పట్టీలో అసలు పూడవు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చుక్కల్లా కనిపించాయి. పెద్దాయన కళ్ళద్దాలు సరిచేసుకుని ముందుకి వంగాడు. "వద్దమ్మా" అంది అమ్మాయి, నా మోచెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు పట్టుకున్నట్టు కూడా కాదు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని పట్టుకున్నట్టు, పడిపోకుండా.

"ఇది మొదటి వరస" అన్నాను. "ఇక్కడ మొదలు. మడత ఇక్కడికి వచ్చింది, జానెడు. ఇవి నా కుట్లు, వరసకి ముప్ఫై రెండు, నాలుగు వరసలు. లెక్కపెట్టుకోండి బాబూ. రాసుకోండి."